మధ్యపదాన్ని విడదీయాలా, సూత్రం వాడాలా? వర్గ సమీకరణం మూలాల గురించి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి మళ్లీ చెప్పి మొదలుపెడతాను. మీరు మీ తమ్ముడికి వర్గ సమీకరణాలు నేర్పుతున్నారు. 6య² − 7య − 20 = 0 అనే లెక్కలో మధ్యపదాన్ని విడదీయడానికి చాలాసేపు పట్టింది. 3య² + 5య − 7 = 0 దగ్గర అరగంట కూర్చున్నా సరైన సంఖ్యల జత దొరకలేదు. కారణాంకాలు వస్తాయో రావో ముందే తెలుసుకునే దారి ఉందా అన్నది మీ మొదటి సందేహం. మూలాలనిచ్చే సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందని తమ్ముడు అడిగితే ఏం చెప్పాలన్నది రెండోది. వచ్చిన రెండు మూలాల్లో ఒకదాన్ని ఎప్పుడు వదిలేయాలన్నది మూడోది. అతను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాము య² − 100,00,00,000య + 1 = 0 అనే సమీకరణానికి ఒక మూలం సున్నా అని చూపిస్తోందని కూడా చివర్లో రాశారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారో, ఎందుకు ఆగిపోతారో దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. కారణాంకాల కోసం వెతకడం మొదలుపెట్టకముందే విచక్షణిని, అంటే సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే భాగాన్ని, లెక్కగట్టండి. గుణకాలన్నీ పూర్ణ సంఖ్యలైనప్పుడు విచక్షణి పరిపూర్ణ వర్గమైతే మధ్యపదం తప్పకుండా విడిపోతుంది, కాకపోతే ఎన్ని గంటలు వెతికినా విడిపోదు. మీ మొదటి సమీకరణానికి విచక్షణి 49 + 480 = 529, అంటే 23 వర్గం. కనుక కారణాంకాలు ఉన్నాయి. రెండోదానికి 25 + 84 = 109. ఇది 10 వర్గమైన 100కూ 11 వర్గమైన 121కీ మధ్య పడింది, పరిపూర్ణ వర్గం కాదు. మీకు జత దొరకకపోవడంలో మీ పొరపాటేమీ లేదు, అక్కడ అసలు జతే లేదు. లబ్ధం −21 రావాలంటే 7, −3 తీసుకోవచ్చు, మొత్తం 4 వస్తుంది. 21, −1 తీసుకుంటే 20 వస్తుంది. మీకు కావలసింది 5. నాలుగు దాకా వచ్చాక "ఇంకొంచెం చూస్తే దొరుకుతుంది" అనిపించడం సహజమే, ఆ అరగంట అలాగే గడిచి ఉంటుంది.

(గుర్తుల గురించి ఒక మాట. ఇక్కడ అజ్ఞాత రాశిని 'య' అని రాస్తున్నాను. భాస్కరాచార్యులు అజ్ఞాత రాశిని 'యావత్తావత్' అని పిలిచి, కుదించి 'యా' అని రాసేవారు, అక్కడి నుంచి తీసుకున్నాను. గుణకాలు వరుసగా క, ఖ, గ. సమీకరణం కయ² + ఖయ + గ = 0. విచక్షణి అంటే ఖ² − 4కగ.)

ఇప్పుడు కారణం చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే విచక్షణి పరీక్షగా మాత్రమే మిగలదు, జవాబే దానిలోంచి బయటికి వస్తుంది. మధ్యపదాన్ని విడదీయడమంటే ఏం చేస్తున్నాం? మొత్తం ఖ అయ్యేలా, లబ్ధం కగ అయ్యేలా రెండు సంఖ్యలను వెతుకుతున్నాం. వాటిని ప, బ అనుకోండి. రెండు సంఖ్యల మొత్తం, లబ్ధం తెలిస్తే వాటి తేడా కూడా తెలిసినట్టే, ఎందుకంటే (ప − బ)² = (ప + బ)² − 4పబ. ఈ సర్వసమీకరణాన్ని పిల్లలు ఎప్పుడో నేర్చుకుని ఉంటారు. దానిలో ప + బ బదులు ఖ, పబ బదులు కగ పెట్టి చూడండి: (ప − బ)² = ఖ² − 4కగ. కుడివైపున ఉన్నది విచక్షణే. అంటే విచక్షణి వర్గమూలం మనం వెతుకుతున్న ఆ రెండు సంఖ్యల మధ్య తేడా. మొత్తం తెలుసు, తేడా తెలుసు, ఇక వెతకాల్సిందేముంది?

మీ లెక్కనే చేసి చూద్దాం. 6య² − 7య − 20లో రెండు సంఖ్యల మొత్తం −7, తేడా 23. మొత్తానికి తేడా కలిపి సగం చేస్తే (−7 + 23)/2 = 8. మొత్తంలోంచి తేడా తీసి సగం చేస్తే (−7 − 23)/2 = −15. లబ్ధం −120, సరిపోయింది. ఇక మిగిలింది రోజూ చేసేదే: 6య² − 15య + 8య − 20 = 3య(2య − 5) + 4(2య − 5) = (3య + 4)(2య − 5). మూలాలు −4/3, 5/2. 120 కారణాంకాల జతలన్నీ రాసుకుని, ఒక్కొక్కదానికీ గుర్తులు మార్చి చూసే శ్రమ ఇక్కడ లేదు.

ఇలా సగం చేసినప్పుడు భిన్నం వస్తుందేమోనని కొందరు అనుమానిస్తారు. రాదు. ఖ బేసి అయితే విచక్షణి బేసి, దాని వర్గమూలమూ బేసి. ఖ సరి అయితే అన్నీ సరి. కాబట్టి మొత్తం, తేడా ఎప్పుడూ ఒకే జాతివి, వాటి కూడిక ఎప్పుడూ రెండుతో నిశ్శేషంగా భాగించబడుతుంది.

అంటే ప్రతి లెక్కకూ విచక్షణి కట్టి తీరాలా? అక్కర్లేదు. య² − 5య + 6 చూడగానే 2, 3 అని నోటికొచ్చే లెక్కలో మరో పద్ధతి అనవసరం. నా దగ్గర చదివే పిల్లలకు ఒక హద్దు పెడతాను: జత అర నిమిషంలో తట్టకపోతే వెతకడం ఆపి విచక్షణి కట్టాలి. ఆ కట్టిన లెక్క వృథా పోదు. పరిపూర్ణ వర్గమైతే జతను ఇస్తుంది, కాకపోతే సూత్రంలో సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. మీ రెండో సమీకరణంలో 109 వచ్చింది కదా, ఇక మూలాలు (−5 ± √109)/6 అని నేరుగా రాసేయవచ్చు. దశాంశాల్లో సుమారుగా 0.907, −2.573.

గుణకాల్లో భిన్నాలుంటే ముందు హారాల క.సా.గు.తో సమీకరణమంతటినీ గుణించి పూర్ణ సంఖ్యలుగా మార్చుకోవాలి. గుణకాల్లో కరణులు ఉంటే మాత్రం పైన చెప్పిన మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. √2య² + 7య + 5√2 = 0 చూడండి. విచక్షణి 49 − 40 = 9, మొత్తం 7, తేడా 3, జత 5, 2. మధ్యపదం చక్కగా విడిపోయి (√2య + 5)(య + √2) వస్తుంది. కానీ మూలాలు −√2, −5/√2, రెండూ కరణీయ సంఖ్యలే. పరిపూర్ణ వర్గం వచ్చింది కాబట్టి మూలాలు అకరణీయ సంఖ్యలని ఇక్కడ రాస్తే తప్పు. ఆ నియమం గుణకాలు కూడా అకరణీయ సంఖ్యలైనప్పుడే వర్తిస్తుంది.

ఇక తమ్ముడు అడిగిన 4 సంగతి. ఆ ప్రశ్న అడిగాడంటే అతను సూత్రాన్ని నిజంగా చూస్తున్నాడని అర్థం, కాబట్టి "అది అంతే" అని దాటేయకండి.

ముందు ఒక బొమ్మ. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ య² + 10య = 39 అనే సమీకరణాన్ని బొమ్మతో సాధించాడు. నేను దీన్ని తరగతిలో కాగితాలు కత్తిరించి చూపిస్తాను. భుజం య ఉన్న ఒక చతురస్రం తీసుకోండి, దాని వైశాల్యం య². పది య కోసం ఒకే పొడవాటి ముక్క కాకుండా, 5 వెడల్పు, య పొడవు ఉన్న రెండు పట్టీలు కత్తిరించి, ఒకటి చతురస్రానికి కుడిపక్కన, ఒకటి కింద అంటించండి. ఈ మూడు ముక్కల మొత్తం వైశాల్యం 39. ఇప్పుడు చూస్తే పెద్ద చతురస్రం దాదాపు తయారైంది, కుడివైపు కింది మూల ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కొలత 5 చొప్పున 5, అంటే 25. అది కూడా అతికిస్తే మొత్తం 64, పెద్ద చతురస్రం భుజం 8. ఆ 8లో పట్టీ వెడల్పు 5 తీసేస్తే య = 3. వర్గాన్ని పూర్తి చేయడం అనే మాటకు అర్థం ఇదే, ఆ మూల ముక్కను చేతితో అతికించిన పిల్లలు దాన్ని మళ్లీ మరచిపోవడం నేను చూడలేదు. పొడవు ఋణం కాదు కాబట్టి ఈ బొమ్మలో −13 అనే రెండో మూలం కనిపించదు. బీజగణితంలో (య + 5)² = 64 అని రాసినప్పుడు య + 5 అనేది 8 అయినా కావచ్చు, −8 అయినా కావచ్చు, అక్కడ అది దొరుకుతుంది.

ఈ బొమ్మలో 10ని సగం చేశామని గమనించండి. మామూలు సమీకరణంలో ఖను సగం చేయాలి, ఖ బేసి అయితే భిన్నం వస్తుంది. దానికి ముందు కతో భాగిస్తే మరో భిన్నం వస్తుంది. ఈ భిన్నాల మధ్యే పిల్లలు దారి తప్పుతారు. దీనికి విరుగుడు మన శ్రీధరాచార్యుల పద్ధతి. ఆయన ఈ నియమాన్ని చెప్పిన గ్రంథం మనకు దక్కలేదు గానీ భాస్కరాచార్యులు 1150లో రాసిన బీజగణితంలో శ్రీధరుల పేరుతోనే దాన్ని ఉదహరించారు. నియమం ఇది: వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో రెండు పక్షాలనూ గుణించాలి, ఆపై అజ్ఞాత రాశి గుణకపు వర్గాన్ని రెండు పక్షాలకూ కలపాలి, తర్వాత వర్గమూలం తీయాలి.

అలాగే చేద్దాం. కయ² + ఖయ = −గ. రెండు పక్షాలనూ 4కతో గుణిస్తే 4క²య² + 4కఖయ = −4కగ. రెండు పక్షాలకూ ఖ² కలిపితే 4క²య² + 4కఖయ + ఖ² = ఖ² − 4కగ. ఎడమవైపున ఉన్నది (2కయ + ఖ)². అంటే

(2కయ + ఖ)² = ఖ² − 4కగ

ఇక్కడి నుంచి 2కయ + ఖ = ±√(ఖ² − 4కగ), ఆపై య = (−ఖ ± √(ఖ² − 4కగ)) / 2క. చివరి అడుగు దాకా ఒక్క భిన్నం కూడా రాలేదు. తమ్ముడికి చెప్పాల్సిన జవాబు ఇది: కతో గుణించింది మొదటి పదాన్ని పరిపూర్ణ వర్గం చేయడానికి, 4తో గుణించింది ఖను సగం చేసినప్పుడు వచ్చే భిన్నం రాకుండా ఉండడానికి. నాలుగు కూడా వర్గ సంఖ్యే కాబట్టి మొదటి పదం వర్గంగానే ఉండిపోతుంది, ఆ గుణకారం వల్ల ఏ నష్టమూ లేదు. పరీక్షలో సూత్రం మరచిపోయినా ఈ మూడు అడుగులతో తిరిగి తయారు చేసుకోవచ్చు, నిమిషం కూడా పట్టదు.

ఖ సరి సంఖ్య అయినప్పుడు మొదటి నుంచీ సగంతోనే పని చేయడం మేలు. ఖ = 2హ అనుకుంటే మూలాలు (−హ ± √(హ² − కగ)) / క అవుతాయి, నాలుగూ రెండూ ఎగిరిపోతాయి. 5య² − 24య + 16 = 0లో 576 − 320 అని కట్టే బదులు హ = −12 తీసుకుని 144 − 80 = 64 అనుకుంటే చాలు, మూలాలు (12 ± 8)/5, అంటే 4, 4/5. చేత్తో లెక్క చేసేవారికి దీనివల్ల మిగిలే సమయం చిన్నది కాదు.

ఇప్పుడు పొరపాట్ల గురించి. నేను దిద్దిన కాగితాల్లో మూలాలు తప్పడానికి పద్ధతి తెలియకపోవడం కంటే ఇవే ఎక్కువ కారణం.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఋణ గుణకం. ఖ = −7 అయినప్పుడు ఖ²ని −49 అని రాయడం, −ఖను మళ్లీ −7 అనే రాయడం. దీనికి నేను పెట్టిన నియమం చాలా చిన్నది: సూత్రంలో ప్రతిక్షేపించే ముందు క = 6, ఖ = −7, గ = −20 అని ఒక వరుసలో గుర్తులతో సహా రాయాలి, ప్రతిక్షేపించేటప్పుడు ప్రతి సంఖ్యనూ కుండలీకరణంలో పెట్టాలి. −(−7), (−7)², −4(6)(−20). ఇది చాదస్తంగా కనిపిస్తుంది గానీ, ఈ అలవాటు పడిన పిల్లల కాగితాల్లో గుర్తు తప్పులు బాగా తగ్గిపోవడం నేను చూశాను. ఇందులోనే మరొకటి: 5 − 2య − 3య² = 0 అని ఇస్తే క = 5 అని రాసేస్తారు. క అంటే మొదట కనిపించే సంఖ్య కాదు, య² పక్కనున్న సంఖ్య. ముందు పదాలను వరుసలో పెట్టుకోవాలి.

రెండోది, య తో రెండు పక్షాలనూ భాగించడం. 3య² = 12య అని వస్తుంది, పిల్లవాడు రెండువైపులా 3య కొట్టేసి య = 4 అని రాస్తాడు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది, కానీ సున్నా అనే మూలం పోయింది. అజ్ఞాత రాశితో భాగించామంటే అది సున్నా కాదని మనం ముందే తీర్మానించినట్టు. అన్నిటినీ ఒకవైపు తెచ్చి 3య(య − 4) = 0 అని రాస్తే రెండూ నిలుస్తాయి.

మూడోది కొంచెం లోతైనది. (య − 2)(య − 5) = 4 అని ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని య − 2 = 4, య − 5 = 4 అని రాసి 6, 9 అని జవాబు తేల్చింది. సరైన మూలాలు 6, 1. ఆమె జవాబులో ఒకటి సరిపోవడంతో పద్ధతి కూడా సరైనదే అనుకుంది, ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. చివరికి 9ని ప్రతిక్షేపించి చూడమన్నాను: 7 × 4 = 28. అప్పుడు నమ్మింది. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటి సున్నా అయి తీరాలి, ఈ గుణం సున్నాకు మాత్రమే ఉంది. లబ్ధం 4 అయితే ఒకటి 4 కావాలన్న నియమం లేదు, 8 × ½ కావచ్చు, (−1) × (−4) కావచ్చు. కారణాంక పద్ధతి మొత్తం సున్నాకున్న ఆ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది కాబట్టి కుడివైపున సున్నా లేకుండా కారణాంకాలు రాయకూడదు.

మిగతావి రెండు మాటల్లో: (య − 3)² = 16 నుంచి య − 3 = 4 అని మాత్రమే రాసి −1 అనే మూలాన్ని పోగొట్టడం, హారంలో ఉన్న 2కను వర్గమూలం కిందికే పరిమితం చేసి −ఖను వదిలేయడం. గీతను −ఖ కింది నుంచి మొదలుపెట్టి పొడుగ్గా గీయమని చెబుతాను.

విచక్షణి కట్టాక దాన్ని క్షణంలో సరిచూసుకునే ఉపాయం ఒకటుంది. గుణకాలు పూర్ణ సంఖ్యలైతే విచక్షణిని 4తో భాగించినప్పుడు శేషం 0 గానీ 1 గానీ రావాలి, 2 లేదా 3 వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఎందుకంటే ఏ పూర్ణ సంఖ్య వర్గాన్నైనా 4తో భాగిస్తే శేషం 0 లేదా 1, దానిలోంచి తీసేసే 4కగ నాలుగు గుణిజమే. మీ మొదటి లెక్కలో (−7)²ని −49గా రాసి ఉంటే −49 + 480 = 431 వచ్చేది, దాని శేషం 3, తప్పు అక్కడే బయటపడేది. ఈ ఉపాయం అన్ని తప్పులనూ పట్టదు. 49 − 480 = −431 అని రాస్తే దాని శేషం 1 కాబట్టి జారిపోతుంది. దానికి వేరే కాపలా ఉంది: క, గ వ్యతిరేక గుర్తులతో ఉంటే −4కగ ధనం, కనుక విచక్షణి ఋణం కానే కాదు. ఈ రెండూ కలిపి వాడితే చాలావరకు రక్షణ ఉంటుంది. మూలాలు వచ్చాక మొత్తం −ఖ/క, లబ్ధం గ/క అవుతున్నాయో లేదో చూసుకోవడం ఎలాగూ ఉండాలి. 5/2, −4/3ల మొత్తం 7/6, లబ్ధం −10/3. సమీకరణం నుంచి చూసినా 7/6, −20/6. సరిపోయింది.

విచక్షణి సున్నా అయితే రెండు మూలాలు ఒకటే, −ఖ/2క. ఋణమైతే వాస్తవ మూలాలు లేవు, తమ్ముడు ప్రస్తుతానికి అంతవరకు రాస్తే సరిపోతుంది. కానీ అతనికి ఆసక్తి ఉంటే ఒక విషయం చూపించండి. య² − 4య + 13 = 0లో విచక్షణి −36, మూలాలు 2 ± 3√−1. ఈ వ్యంజకానికి గ్రాఫు గీస్తే వచ్చే పరావలయం య = 2 దగ్గర అన్నిటికంటే కిందికి దిగుతుంది, అక్కడ కూడా అక్షానికి 9 ప్రమాణాల పైనే ఉంటుంది. ఆ 9 వర్గమూలమే మూలంలో కనిపించే 3. కొందరు పిల్లలు సంకీర్ణ మూలాలను అర్థం లేని సంఖ్యలుగా భావిస్తారు. పరావలయం ఎక్కడ తిరుగుతుందో, అక్షానికి ఎంత ఎత్తులో తిరుగుతుందో ఆ మూలాల్లోనే రాసి ఉందని చూపిస్తే వాళ్ల చూపు మారుతుంది.

మూడో ప్రశ్న, ఒక మూలాన్ని ఎప్పుడు వదిలేయాలి? ఒట్టి సమీకరణం ఇచ్చి మూలాలు అడిగితే దేన్నీ వదలకూడదు. రాత లెక్కలో మాత్రం ప్రతి మూలాన్నీ సమీకరణంలో కాకుండా కథలో పెట్టి చూడాలి. దీనికి భాస్కరాచార్యుల బీజగణితంలోని కోతుల లెక్కలు రెండింటికి మించిన ఉదాహరణలు నాకు తెలియవు.

మొదటి లెక్కలో కోతుల గుంపులో ఎనిమిదో వంతు వర్గమంత సంఖ్య అడవిలో ఆడుకుంటుంటే, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. (య/8)² + 12 = య. సవరిస్తే య² − 64య + 768 = 0. హ = −32, 1024 − 768 = 256, మూలాలు 32 ± 16, అంటే 48, 16. కథలో పెట్టి చూడండి: 48 అయితే అడవిలో 36, కొండ మీద 12. 16 అయితే అడవిలో 4, కొండ మీద 12. రెండూ సరైనవే, రెండు జవాబులూ రాయాలి. రెండో లెక్కలో గుంపులో ఐదో వంతు నుంచి 3 తీసేసి, వచ్చినదాని వర్గమంత సంఖ్య గుహలోకి వెళ్లగా ఒక్క కోతి కనిపిస్తోంది. (య/5 − 3)² + 1 = య, అంటే య² − 55య + 250 = 0, మూలాలు 50, 5. ఐదు కూడా ధన సంఖ్యే, పూర్ణ సంఖ్యే, సమీకరణంలో పెడితే సరిపోతుంది కూడా. కానీ ఐదులో ఐదో వంతు 1, దానిలోంచి 3 తీసేస్తే −2. ఋణ రెండు కోతులంటూ ఉండవు కాబట్టి, అలాంటిదాన్ని లోకం అంగీకరించదని భాస్కరాచార్యులు 5ను వదిలేశారు. జవాబు ధనమా ఋణమా అని మాత్రమే చూసి వదిలేయడం సరిపోదు, కథలో మధ్యలో వచ్చే ప్రతి రాశికీ అర్థం ఉందో లేదో చూడాలి. పిల్లలు ఋణమూలాన్ని అలవాటుగా కొట్టేస్తారు. అడిగింది ఉష్ణోగ్రత అయినా, సంఖ్యారేఖ మీద స్థానమైనా ఋణమూలం కూడా జవాబే కదా, అక్కడ కొట్టేస్తే మార్కులు పోతాయి.

చివరగా ప్రోగ్రాము. తమ్ముడు సూత్రాన్ని తప్పుగా రాయలేదని నా నమ్మకం, తప్పు కంప్యూటరు అంకెలను దాచుకునే తీరులో ఉంది. య² − 100,00,00,000య + 1 = 0లో ఖ² అంటే 1 పక్కన 18 సున్నాలు. మామూలుగా వాడే దశాంశ సంఖ్యల రకం 15, 16 అంకెల వరకే నమ్మకంగా దాచగలదు, అంత పెద్ద సంఖ్యలోంచి 4 తీసేస్తే దానికి ఏ మార్పూ కనిపించదు. వర్గమూలం సరిగ్గా 100 కోట్లు వస్తుంది, 100 కోట్లలోంచి 100 కోట్లు తీసేస్తే సున్నా. నిజానికి ఆ మూలం సుమారుగా 100 కోట్లలో ఒక వంతు, సున్నా కాదు. స్థిరపదం 1 కాబట్టి సున్నా మూలం కాలేదని కంటికే తెలుస్తుంది.

ఇదే సంగతి చేత్తో చేసినా కనిపిస్తుంది. య² − 200య + 1 = 0కు మూలాలు 100 ± √9999. నాలుగు అంకెల వరకే పని చేస్తున్నామనుకుంటే √9999 విలువ 99.99, చిన్న మూలం 100 − 99.99 = 0.01. అసలు విలువ 0.005000125 దగ్గర. జవాబు రెట్టింపు వచ్చింది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు నమ్మకమైన అంకెలన్నీ కొట్టుకుపోయి చివరి అనుమానపు అంకె ఒక్కటే మిగులుతుంది. అదే పెద్ద మూలాన్ని చూస్తే 100 + 99.99 = 199.99, అందులో చెప్పుకోదగ్గ దోషం లేదు. మూలాల లబ్ధం 1 అని మనకు తెలుసు కాబట్టి చిన్న మూలం 1/199.99, అంటే 0.0050003 సుమారు. అవే నాలుగు అంకెలతో ఇంత మెరుగైన జవాబు.

కాబట్టి ప్రోగ్రాములో ఇలా మార్చమనండి. ముందు క సున్నానా అని చూడాలి, సున్నా అయితే అది వర్గ సమీకరణమే కాదు, దాన్ని విడిగా సాధించాలి. తర్వాత విచక్షణి ఋణమా అని చూడాలి. ఋణం కాకపోతే, ఖ ధనం లేదా సున్నా అయినప్పుడు ట = −(ఖ + √విచక్షణి)/2, ఖ ఋణం అయినప్పుడు ట = (−ఖ + √విచక్షణి)/2 అని తీసుకోవాలి. రెండు సందర్భాల్లోనూ లోపల జరిగేది ఒకే గుర్తున్న సంఖ్యల కూడికే, తీసివేత లేదు. ఒక మూలం ట/క, రెండోది గ/ట. ట సున్నా అయ్యేది ఖ, గ రెండూ సున్నా అయినప్పుడు మాత్రమే, అప్పుడు రెండు మూలాలూ సున్నా అని ముందే రాసేయాలి. అతని సమీకరణానికి ట = 100 కోట్లు, మూలాలు 100,00,00,000, 0.000000001 అని వస్తాయి.